తొమ్మిదో తరగతి పిల్లాడికి చరిత్ర ఎందుకు? ఒక సోషల్ సార్ జవాబు

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి అన్నారు. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశారు. స్కూల్లో సోషల్ పీరియడ్లు తగ్గించి ఆ టైమ్ మ్యాథ్స్‌కి ఇస్తున్నారు, సోషల్‌కి పరీక్షల ముందు బిట్ బ్యాంక్ బట్టీ పట్టిస్తే చాలంటున్నారు. "ఎలాగూ ఇంటర్‌లో ఎంపీసీనే. ఎప్పుడో పోయిన రాజుల గురించి ఇప్పుడు చదివితే వాడికి ఒరిగేదేమిటి? నిజంగా ఉపయోగం ఉంటే చెప్పండి" అని అడిగారు.

నేను నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న పేరెంట్స్ మీటింగుల్లో లెక్కలేనన్నిసార్లు విన్నాను. చాలాకాలం నా దగ్గర సరైన జవాబు లేదు. "గ్రూప్స్ పరీక్షల్లో పనికొస్తుందండీ" అనేవాణ్ని. అది అబద్ధం కాదు గానీ అసలు కారణం కూడా కాదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

"ఎలాగూ ఎంపీసీనే" అన్నారు కదా, నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. మన దగ్గర పదో తరగతి దాటాక ఎంపీసీ, బైపీసీ పిల్లలకు చరిత్ర పాఠం ఇక ఉండదు. హెచ్ఈసీ తీసుకునేవాళ్లు కొద్దిమంది. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఆ గ్రూపే ఉండదు. అంటే మీ అబ్బాయి జీవితంలో ఒక టీచరు ఎదురుగా కూర్చుని, "ఇది నిజంగా జరిగిందా? నీకెలా తెలుసు?" అని చరిత్ర గురించి అడిగేది ఇంకో రెండేళ్లే. ఆ తర్వాత కూడా చరిత్ర వాడి దగ్గరికి వస్తూనే ఉంటుంది. సినిమాగా వస్తుంది, ఎన్నికల ఉపన్యాసంగా వస్తుంది, తెల్లారేసరికి ఫోన్లో ఫార్వర్డ్ మెసేజ్‌గా వస్తుంది. పద్నాలుగేళ్లకి వాడు ఏం నేర్చుకుంటే, నలభై ఏళ్లకి ఆ మెసేజ్ చదివేటప్పుడు వాడి దగ్గర ఉండేది అదే. లెక్కలు వాడు ఇంకా ఎనిమిదేళ్లు చదువుతాడు. దీనికి మాత్రం రెండేళ్లే ఉన్నాయి.

ఇక నేర్చుకునేదేమిటో చెబుతాను.

మాకు దగ్గర్లో నకిరేకల్ మండలంలో చందుపట్ల అనే ఊరుంది. అక్కడ ఒక శాసనం ఉంది. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చాలా పుస్తకాల్లో ఉండేది, నేను చదువుకున్నప్పుడు అదే బట్టీ పట్టాను. చందుపట్ల రాయి మీద తేదీ 1289 నవంబరుకి సరిపోతుంది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం తాను భూమి దానం చేస్తున్నానని చెక్కించాడు. ఒక పల్లెటూరి రాయి వల్ల పుస్తకాల్లో ఆరేళ్లు మారిపోయాయి.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ ఊరు తీసుకెళ్లి, ఆ మర్నాడు క్లాసులో ఒకటే ప్రశ్న వేశాను. రుద్రమదేవి ఎలా చనిపోయింది?

"యుద్ధంలో సార్" అన్నారందరూ. శాసనంలో యుద్ధం అనే మాట ఉందా అని అడిగితే లేదు. శివలోకం చేరింది అనే ఉంది. మరి యుద్ధం అని మీకెవరు చెప్పారు? అందరూ కాసేపు తలలు దించుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "రాణి, సేనాధిపతి ఇద్దరూ ఒకేసారి పోయారు కదా సార్, అంటే ఇద్దరూ ఒకేచోట ఉన్నట్టేగా" అంది. అది మంచి ఆలోచన. అప్పుడు రెండో ఆధారం ఇచ్చాను. శ్రీశైలానికి తూర్పు ద్వారం అనే త్రిపురాంతకంలో అంబదేవుడి శాసనం ఉంది, 1290 నాటిది. కాకతీయుల మీద తిరగబడిన కాయస్థ నాయకుడాయన. తాను గెలిచినవాళ్ల జాబితాలో మల్లికార్జునుడి సప్తాంగాలు, అంటే రాజ్యాధికారానికి ఉండే ఏడు అంగాలూ, లాగేసుకున్నానని చెప్పుకుంటాడు. రెండు రాళ్లు పక్కపక్కన పెడితే, అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే రాణి చనిపోయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. "ఉంటుంది" అనే మాట కింద బోర్డు మీద గీత గీశాను. ఒక అబ్బాయి మాత్రం ఒప్పుకోలేదు. "ఇద్దరికీ ఏదో రోగం వచ్చి ఉండొచ్చు కదా సార్" అన్నాడు. ఉండొచ్చు. అయితే అది కుదరాలంటే ఇంకేం దొరకాలి, ఎక్కడ వెతకాలి అని ఆ రోజంతా మాట్లాడుకున్నారు.

మీరు దీన్ని ఫిజిక్సు క్లాసులో జరిగేదానితో పోల్చి చూడండి. అక్కడ ప్రయోగం మళ్లీ చేసి చూడొచ్చు. ఇక్కడ ఒక్కసారే జరిగింది, మళ్లీ జరగదు, చూసినవాళ్లు లేరు. మిగిలింది రెండు రాళ్లు. అంత తక్కువ ఆధారంతో ఎంతవరకు గట్టిగా చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది నేర్పే సబ్జెక్టు హైస్కూల్లో ఇదొక్కటే. కోర్టులో జడ్జి, వార్డులో డాక్టరు, ప్రమాదం మీద ఎంక్వైరీ చేసే ఇంజనీరు, అందరూ చేసేది ఈ పనే. మీ అబ్బాయి ఇంజనీరే అవ్వనీండి. ఏదైనా కూలిపోయాక ఎందుకు కూలిందో చెప్పాల్సి వచ్చినప్పుడు వాడి ముందుండేవి ముక్కలే.

తేదీలు బట్టీ పట్టించడం మీద మీకున్న కోపం నాకూ ఉంది. నేనే కొన్నేళ్లు అలా చెప్పాను. గైడ్‌లోంచి ముఖ్యమైన ప్రశ్నలు, జవాబులు బోర్డు మీద రాసి, పిల్లలు ఎక్కించుకుంటుంటే సిలబస్ అయిందనుకునేవాణ్ని. పరీక్షల్లో మార్కులు వచ్చేవి. ఏడాది తిరిగేసరికి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఆ పద్ధతిలో చెబితే మీరన్నది నిజమే, అది టైమ్ వేస్టే. కానీ తేదీ అసలు వద్దనడం కూడా పొరపాటు. 1289కి, 1295కి తేడా తెలియకపోతే పై కథలో అంబదేవుడు ఎక్కడ వస్తాడో అర్థం కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియనివాడికి ఏది కారణమో, ఏది ఫలితమో చెప్పడం ఎవరి తరం?

నా పద్ధతి మారింది ఒక పహాణీ వల్ల, అంటే ఊరి భూమి రికార్డు కాగితం వల్ల. ఒక పిల్లాడు వాళ్ల తాత పెట్టెలోంచి పాత కాగితం తెచ్చి, "సార్, దీని మీద 1364 అని ఉంది, మా భూమి అంత పాతదా?" అని అడిగాడు. 1364 అంటే క్రీస్తుశకం కాదురా, ఫసలీ అని చెప్పాను. ఫసల్ అంటే పంట. పన్ను వసూలు పంట కాలంతో కలవాలని అక్బరు కాలంలో వచ్చిన లెక్క అది. దానికి 590 కలుపుకుంటే మన సంవత్సరం వస్తుంది. 1364కి కలిపితే 1954. అది ఖాస్రా పహాణీ, 1954-55లో తయారైంది. తెలంగాణలో ఈ రోజుకీ భూమి తగాదా వస్తే ముందు అడిగే కాగితం అదే. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. అక్బరు వాళ్ల ఇంటి ఇనప్పెట్టెలో ఉన్నాడని వాడు అప్పటిదాకా అనుకోలేదు.

మర్నాటి నుంచి కాగితాలు రావడం మొదలైంది. ఉర్దూలో రాసినవి, నిజాం ముద్ర ఉన్న స్టాంపు కాగితాలు. కొందరి ఇళ్లలో 38-ఇ సర్టిఫికెట్లు. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో కౌలుదారి చట్టం వచ్చింది. దున్నేవాడికి రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చింది, ఆ హక్కు తర్వాత యాజమాన్యంగా మారితే ఇచ్చే కాగితం అది. ఆ చట్టం ఊరికే వచ్చిందా? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి చనిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తాను ఇంటికి చేర్చుకుంది. 1951 అక్టోబరు దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం వెనక ఉంటేనే 1950 చట్టం అర్థమవుతుంది. పుస్తకంలో అవి నాలుగు మార్కుల ప్రశ్న. ఇంట్లో అవి మూడెకరాల పొలం.

మా స్కూల్లో ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మగారిది అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట. "మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పహాణీ అనరు సార్, అడంగల్ అంటారు. పట్వారీ అనరు, కరణం అంటారు. ఎందుకు?" అని అడిగింది. ఒక్క ప్రశ్నలో రెండు వందల ఏళ్లు ఉన్నాయి. 1766లో నిజాం ఉత్తర సర్కారులను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. 1800లో దత్త మండలాలు ఇచ్చాడు. ఆ సరిహద్దు గీతకి అటు మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు, కలెక్టర్లు, 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. ఇటు జాగీర్లు, దేశ్‌ముఖులు, ఉర్దూ దఫ్తరు. 1956లో రెండూ కలిశాయి, 2014లో విడిపోయాయి. కలవడం, విడిపోవడం మీద ఇప్పటికీ టీవీల్లో అరుచుకుంటారు. 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందం ఎందుకు అవసరమైందో, ముల్కీ అంటే ఏమిటో తెలియని పిల్లాడికి ఆ అరుపుల్లో మాట ఒక్కటీ అర్థం కాదు, వాడు తన వాళ్లెవరో చూసుకుని వాళ్ల వైపు అరుస్తాడు. నేను ఎవరి వైపు అని పిల్లలు అడిగేవారు. ముందు అటువైపు వాదన వాళ్లే మెచ్చుకునేలా చెప్పండి, తర్వాత నాది చెబుతాననేవాణ్ని.

ఇక్కడ ఒక రోజు గురించి చెప్పాలి. నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన రోజు అది.

నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన సెప్టెంబరు 17కి 1998లో యాభై ఏళ్లు. పదో తరగతి పిల్లలకి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఆ రోజుల గురించి రాసుకు రమ్మన్నాను. అప్పటికి ఆ తరం చాలామంది బతికే ఉన్నారు. ఒక అమ్మాయి రాసుకొచ్చింది, నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు వాళ్ల నాయనమ్మ ఇద్దరు తమ్ముళ్లని తీసుకుని జొన్న చేలో రెండు రాత్రులు దాక్కుంది. మిలటరీ వచ్చిందని తెలిసి ఊరంతా ఏడ్చింది, సంతోషంతో. క్లాసంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఒక ముస్లిం అబ్బాయి లేచాడు. చదవనా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. వాళ్ల దాదీ కూడా చేలోనే దాక్కుంది. అయితే పోలీస్ యాక్షన్ అనే ఆ సైనిక చర్య అయిపోయాక, ఆ తర్వాతి వారంలో. ఆ దాదీ వాళ్ల నాన్నకి రజాకార్లతో ఏ సంబంధమూ లేదు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. వాదన మొదలైతే ఆ అబ్బాయి మిగిలిన ఏడాది ఎలా కూర్చుంటాడోనని టెన్షన్. బోర్డు మీద ఒక గీత గీసి తేదీలు పెట్టమన్నాను. 1947 నవంబరు, నిజాంకీ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం. 1948 ఆగస్టు 27, భైరాన్‌పల్లిలో రజాకార్ల మారణకాండ. సెప్టెంబరు 13, సైన్యం కదిలింది. 17, నిజాం లొంగుబాటు ప్రకటన. ఆ తర్వాత హింస మీద ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీ, దశాబ్దాల పాటు బయటికి రాని దాని నివేదిక. ఇద్దరు ముసలమ్మల కథలూ ఆ గీత మీద పక్కపక్కన రాశాం. రెండూ సరిపోయాయి. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానక్కర్లేదు. మొదటి అమ్మాయే అడిగింది, "మరి ఈ రోజుని విమోచనం అనాలా, విలీనం అనాలా సార్?" అని. ఏం జరిగిందన్నది ఆధారాలు చెబుతాయి, దానికి ఏ పేరు పెట్టాలన్నది మనం వాదించుకోవాలి, ఈ రెండిటినీ కలిపెయ్యొద్దని చెప్పాను. ఆ తర్వాత అదే రోజుకి 2022లో కేంద్రం విమోచన దినమని, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమని పేరు పెట్టాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది. ప్రతిసారీ నాకు ఆ క్లాసు గుర్తొచ్చింది. గంట కొట్టాక ఆ ఇద్దరు పిల్లలూ కలిసి బయటికి వెళ్లడం చూశాను. ఆ తర్వాత వాళ్లెప్పుడు మాట్లాడుకున్నా నాకు ధైర్యంగా ఉండేది.

పుస్తకంలో అన్నీ ఉండవు, అదీ చెప్పాలి. ఒకసారి ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఒక పిల్ల, "ఈ బుక్కులో రాజులున్నారు, దొరలున్నారు, నాయకులున్నారు. మావాళ్లు ఎక్కడ సార్?" అని అడిగింది. భాగ్యరెడ్డి వర్మ గురించి చెప్పాను, 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టినాయన. ఆమెకి అది చాలలేదు, మా ఊరివాళ్ల సంగతి కావాలంది. అయితే నువ్వే రాయమ్మా అన్నాను. వెట్టి గురించి వాళ్ల తాతని నాలుగు ఆదివారాలు అడిగి ఇరవై పేజీలు రాసింది. ఏ కులం వాళ్లు గడీలో ఏ పని ఊరికే చెయ్యాలి, పండగకి ఎవరు ఏం ఇవ్వాలి, అన్నీ ఉన్నాయి. అప్పు కింద వెట్టి చేయించుకునే భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లోనే నిబంధన తెచ్చిందని నేను చెబితే, వాళ్ల తాత "అట్లాంటిది ఒకటున్నదని మాకెవరూ చెప్పలే" అన్నాడట. ఆ మాట కూడా రాసుకొచ్చింది. చట్టం వేరు, అమలు వేరు అని నేను సివిక్స్‌లో ఎన్నిసార్లు చెప్పినా రాని సంగతి ఆ ఒక్క వాక్యంలో వచ్చింది.

ఇప్పుడు మీ ఇంటి విషయం. ఫౌండేషన్ మానిపించమని నేననను. పిల్లాడికి ఇష్టమైతే చదవనీండి. రెండు పనులు మాత్రం చెయ్యండి.

స్కూలుకి వెళ్లి సోషల్ పీరియడ్లు ఎందుకు తగ్గించారని మర్యాదగా అడగండి. ఒక్కరు అడిగితే పట్టించుకోరు, నలుగురు కలిసి వెళ్లండి. పదో తరగతిలో లెక్కలకి ఎన్ని మార్కులో సోషల్‌కీ అన్నే మార్కులు, కనీసం ఆ లెక్కన అయినా వింటారు.

రెండోది ఇంట్లో. వారంలో ఒక్క గంట చాలు. ఆ గంటలో వాడికి ప్రశ్నలు రాసివ్వొద్దు, ఏదైనా ఒక వస్తువు ముందు పెట్టండి. చిన్నవాటితో మొదలుపెట్టినా ఫర్వాలేదు. మిరపకాయ పోర్చుగీసు వాళ్లతో పాటు ఈ దేశానికి వచ్చిందని, అంటే రుద్రమదేవి ఒక్కరోజు కూడా ఎండుమిరపకాయ కారం తిని ఉండదని చెప్పండి. మరి అప్పుడు కూరలో కారం ఎక్కడిదని వాడే అడుగుతాడు. మిరియం, మిరప అనే మాటల మధ్య పోలిక వాడే పట్టుకుంటాడు. తర్వాత ఇంట్లో కాగితాలు తియ్యండి. పాత పహాణీయో అడంగలో, తాత రేషన్ కార్డో, పెళ్లి శుభలేఖో. వాటిలో అర్థం కాని మాటలన్నీ రాసుకోమనండి. తహసీల్, జమాబందీ, దస్తావేజు, రబీ, ఈ మాటలు ఎవరితో వచ్చాయో వెతకమనండి.

మీ ఊరి కైఫీయతు, అంటే ఊరి గురించి పాతకాలంలో రాయించిన వివరాల పుస్తకం, దొరుకుతుందేమో కూడా చూడండి. కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి, 1821లో చనిపోయాడు, ఊరూరా కథలు, దానపత్రాలు, కరణాల దగ్గరి లెక్కలు సేకరింపజేశాడు. ఆ పనికి ప్రాణం పెట్టినవాళ్లు మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. తర్వాత సీపీ బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్లు రాయించాడు. జిల్లాలవారీగా కొన్ని అచ్చయ్యాయి. ముఖ్యంగా సర్కారు, సీమ జిల్లాల ఊళ్లవి బాగా దొరుకుతాయి. అందులో రాసిందంతా నిజమని ఒప్పుకోనక్కర్లేదు. ఏది చూసి రాశారు, ఏది విని రాశారు, ఏది ఊరివాళ్లు గొప్పకి చెప్పుకున్నారు అని వాడినే వేరు చెయ్యమనండి.

తర్వాత, ఈసారి మీ ఫోన్‌కి ఫలానా రాజు అలా చేశాడు, ఫలానా వాళ్లు ఇలా చేశారు అని మెసేజ్ వచ్చినప్పుడు ఎవరికీ పంపకుండా వాడికి చూపించండి. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వీళ్లకెలా తెలుసు, ఇంకెవరైనా ఇలాగే చెప్పారా అని ఆ నాలుగు ప్రశ్నలూ వాడే అడగాలి. మొదట్లో మీరు గుర్తుచేయాల్సి వస్తుంది. మా పిల్లలకి రెండు మూడు నెలలు పట్టేది.

మీ వాళ్లది ఏ ఊరో చెప్పండి. అక్కడి శాసనాల గురించి, పాత రికార్డుల గురించి నాకు తెలిసింది రాస్తాను. ఇంట్లో తాతగారో నాయనమ్మగారో ఉంటే మాత్రం వాళ్లతోనే మొదలుపెట్టండి, ఈ ఆదివారమే.